ఎర్రకు ఎదురుగా నీలం

పిల్లలకు పాఠం చెప్పడం వేరు, అర్థమయ్యేదాకా వదలకూడదని పట్టుబట్టడం వేరు. మొదటిది ఉద్యోగం, రెండోది రోగం. ఆ రోగం నాకు ముదిరిందని ఎనిమిదో తరగతికి డీఎన్‌ఏ చెప్పిన ఏడాది తెలిసొచ్చింది.

మా బడి గౌలిపురలో ఒక సన్నటి మేడ. కింద కరస్పాండెంట్ గారి పప్పుల గోదాము, పైన మేము. ఆయనది తరతరాల టోకు వ్యాపారం. బడి కూడా అందులో ఒక సరుకేనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. పక్కింట్లో బర్రెలుంటాయి. నేను గొంతు పెంచితే అవి కూడా పెంచుతాయి. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి ఉంది. ఇంగ్లీషు పుస్తకంలో ఉంటుంది, తెలుగు నా నోట్లో ఉంటుంది, పిల్లలు కొట్లాడుకునేది మాత్రం ఉర్దూలో. నేను చాంద్రాయణగుట్ట నుంచి బస్సులో వచ్చి, రోజంతా అరిచి, మళ్లీ బస్సులో వెళ్లిపోతాను.

పుస్తకంలో డీఎన్‌ఏ గురించి ఉన్నది ఒక పేరా, ఒక బొమ్మ. చదివించి, కింద గీత గీయించి, ముందుకు పోవచ్చు. మా బడిలో అందరూ చేసేది అదే. నాకు చేతకాలేదు. బోర్డు మీద పెద్ద నిచ్చెన గీశాను. దాన్ని మెలితిప్పితే డీఎన్‌ఏ అవుతుందన్నాను. రెండు పక్కలా రెండు నిలువు బద్దలు, మధ్యలో మెట్లు. ఒక్కో మెట్టు ఒకే ముక్క కాదు, ఇటు నుంచి ఒక సగం, అటు నుంచి ఒక సగం వచ్చి నడుమ కలుస్తాయి. ఆ సగాలు నాలుగే రకాలు. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. పొట్టిగా ఏ, టీ, జీ, సీ. ఏకి ఎదురుగా టీ మాత్రమే ఉంటుంది, జీకి ఎదురుగా సీ మాత్రమే ఉంటుంది. మొత్తం కథ ఇంతే. ఇంతకన్నా తేలికైన నియమం కబడ్డీలో కూడా లేదు.

"టీచర్, గీ నిచ్చెన మన కడుపుల ఉంటదా?" అని మొదటి బెంచీవాడు అడిగాడు.

కడుపులో కాదు, ఒంట్లో ఉన్న దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుందన్నాను.

"గన్ని నిచ్చెనలుంటె కుచ్చుకోవా టీచర్?"

వాడి వెనక వాడు లేచాడు. "సిన్మల డీఎన్‌ఏ టెస్టు చేస్తె తండ్రెవరో తెలుస్తది గద టీచర్. గదేనా ఇది?"

అదేనన్నాను. ఇక చూసుకోండి, మిగిలిన పీరియడంతా ఆ సినిమా కథే. హీరో చివర్లో ఏం చేశాడో చెప్పడానికి ఎన్ని చేతులు లేచాయో, నిచ్చెన గురించి అడిగినప్పుడు అన్ని చేతులు కిందికి దిగాయి.

వారం రోజులు అదే పాఠం చెప్పాను. ఏకి ఎదురు ఏమిటని అడిగితే "టీ" అని కింద గోదాములో హమాలీలు తలెత్తి చూసేంత గట్టిగా అరిచేవారు. జీకి అంటే "సీ". నేను మురిసిపోయి ఒకణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, ఒక పక్క ఏ రాసి, ఎదురుగా ఏం వస్తుందో రాయమన్నాను. వాడు చాక్‌పీసు తీసుకుని, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా ఇంకో ఏ రాశాడు. అదేంట్రా, ఇప్పుడేగా టీ అన్నావంటే, "అది నోటికి చెప్పేది టీచర్" అన్నాడు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టు తయారైంది నా బతుకు.

ఇక నోటితో లాభం లేదు, చేతులతో చేయించాలనుకున్నాను. ఆషాఢం చివర్లో మా దగ్గర బోనాలు ముగిసిన వారానికే బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. తల్లిదండ్రులు వస్తారు. ఎనిమిదో తరగతి తరఫున పెద్ద డీఎన్‌ఏ నమూనా చేద్దామన్నాను. ఏకి ఎర్ర కాగితం, టీకి నీలం, జీకి పసుపు, సీకి ఆకుపచ్చ. వెదురు బద్దలు, రంగు కాగితాలు ఎవరు తెస్తారంటే క్లాసంతా ఒకేసారి వెనక్కి తిరిగి కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయిని చూసింది.

ఆ పిల్ల తండ్రి తొట్టెలలు కడతాడు. తొట్టెల అంటే వెదురు బద్దల మీద రంగురంగుల కాగితాలు అతికించి గోపురంలా కట్టేది. బోనాల రోజు అమ్మవారికి డప్పులతో ఊరేగించి తీసుకెళతారు. మిగతా రోజుల్లో ఆయన పెళ్లి పందిళ్ల అలంకరణకు వెళతాడు. పిల్ల తండ్రి పక్కన కూర్చుని కాగితాలు కత్తిరించడం నేర్చింది. క్లాసులో మాత్రం ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి, నేలచూపులు చూసి, నేను విసుగెత్తి కూర్చోమనేదాకా అలాగే నిలబడుతుంది. లెక్కల సారు ఆమెను మొద్దు అంటారు. నేను అనలేదు గానీ ఒకటి రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది.

ఆ రోజు తనంతట తాను వచ్చి, "బద్దలు నేను తెస్త టీచర్. మా బాపు దగ్గర ఉన్నయి" అంది. ఆగి, "మా బాపు ఈసారి బడికి వస్తనన్నడు. సీజన్ అయిపోయింది గద" అంది. ఆయన అంతవరకు ఏ మీటింగుకూ రాలేదు. వచ్చినా ఆ పిల్ల గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా మంచి మాట లేదు. మొదటిసారి తండ్రి వస్తున్నాడు, చూపించడానికి ఒకటి ఉండాలి. ఆ పిల్ల మొహం చూస్తే ఇంకేమీ అడగనక్కర లేదు. సరే, నమూనా దగ్గర నిలబడి నువ్వే చెప్పాలన్నాను. తలూపింది.

ప్రదర్శన రేపనగా, పొద్దుటి పీరియడ్లలో వాళ్లను వెనక వరండాలో కూర్చోబెట్టి, మెట్లు ఎలా కట్టాలో చూపించి, రంగుల జాబితా గోడకు అంటించి, అక్కడే ఉండాలనుకున్నాను. ప్రిన్సిపల్ మేడమ్ వచ్చి, లెక్కల సారు సెలవు, ఏడో తరగతిని చూసుకొమ్మన్నారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నమూనా పూర్తయింది.

నిజం చెప్పాలి, అంత అందమైన వస్తువు మా బడిలో అంతకు ముందు లేదు. మనిషెత్తు ఉంది. తడిపిన వెదురు బద్దలను ఎంత ఒడుపుగా మెలితిప్పారో, ఎక్కడా చీలిక లేదు. కాగితాలు అంచులు కత్తిరించి కుచ్చులు వేశారు. దగ్గరికి వెళ్లి చూశాను. ఎర్రకు ఎదురుగా ఎర్ర, నీలానికి ఎదురుగా నీలం, పసుపుకు పసుపు. పైనుంచి కిందిదాకా ఒక్క మెట్టు, ఒక్క మెట్టంటే ఒక్క మెట్టు కూడా సరిగా లేదు.

"ఇదేంటి?" అన్నాను.

"నిచ్చెన టీచర్."

"ఎర్రకు ఎదురుగా ఏముండాలి?"

"నీలం" అని వరండా అదిరిపోయేలా అన్నారు అందరూ.

"మరి ఇక్కడేముంది?"

అందరూ చూశారు. ఎవరికీ ఏమీ తేడాగా కనిపించలేదు. చివరికి ఆ పిల్లే మెల్లగా అంది. "తొట్టెలకు రెండు దిక్కుల ఒక్క తీరు ఉండాలె టీచర్. ఇటొక రంగు అటొక రంగు పెడితె జోడీ కుదరదు. మా బాపు ఒప్పుకోడు."

నేను కట్టమన్నది తొట్టెల కాదమ్మా అన్నాను. అప్పుడు చూశాను, నిచ్చెన పైన నిమ్మకాయ కట్టి ఉంది, వేపాకులున్నాయి, రెండు నిలువు బద్దలకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మనిషి కణంలో ఉండే అణువుకు నిమ్మకాయ కట్టిన బడి లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది.

కోపాన్ని దిగమింగుకుని, ఇంకా సమయం ఉంది, ఒక పక్క కాగితాలన్నీ పీకేసి సరైన రంగులు అతికించండి అన్నాను. ఎవరూ కదల్లేదు.

"బొట్టు పెట్టినంక పీకొద్దు టీచర్" అన్నాడు మొదటి బెంచీవాడు.

"ఇది అమ్మవారు కాదు. డీఎన్‌ఏ."

"అయినా గని బొట్టు పెట్టినం గద."

చర్చికి వెళ్లే కుటుంబం పిల్లవాడొకడున్నాడు. వాణ్ణి పిలిచి నువ్వు పీకు అన్నాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మా మమ్మీ ఎవరి దేవుని జోలికీ పోవద్దన్నది టీచర్. నాకెందుకు ఫికర్?"

అయితే నేనే పీకుతానని ముందుకెళ్లి చెయ్యి చాపాను. పిల్లలంతా నా చేతినే చూస్తున్నారు. పక్కింటి బర్రెలు కూడా అప్పుడే ఊరుకోవాలా? నేను ఎమ్మెస్సీ చదివాను, మూఢనమ్మకాల మీద అసెంబ్లీలో ఉపన్యాసాలిచ్చాను, కానీ ఆ కుంకుమ బొట్టు పక్కనున్న ఎర్ర కాగితాన్ని పట్టుకుని లాగడానికి నా చెయ్యి రాలేదు. అందుకే వెళ్లినట్టు చీర కొంగు సర్దుకుని వెనక్కి వచ్చేశాను. తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఈలోగా ప్రిన్సిపల్ మేడమ్, కరస్పాండెంట్ గారు వచ్చారు. ఆయన నిచ్చెన చుట్టూ తిరిగి, కందిపప్పు బస్తాను చూసినట్టు కింది నుంచి పైకి చూసి, "మస్తుంది. దీన్ని గేటు కాడ పెడదాం. లోపల లైటు పెట్టొస్తదా?" అన్నారు.

ఇది తప్పుగా ఉందని, ఇలా పెట్టడానికి వీల్లేదని చెప్పాను.

"ఎవరికి తెలుస్తది మేడమ్?" అన్నారు ప్రిన్సిపల్. "చూసెటోళ్లకు రంగులు కనబడతయి. గంతే."

"నాకు తెలుస్తుంది" అన్నాను. "ఇంత చెప్పాక కూడా తప్పు నిచ్చెన నిలబెట్టి, దాని పక్కన నేను నిలబడాలా? దీన్ని తీసేసి స్టాఫ్‌రూములో ఉన్న డీఎన్‌ఏ చార్టు పెడతాం." వాళ్లు మొహాలు చూసుకుని వెళ్లిపోయారు. టీచర్‌కు ఇయ్యాల ఏదో అయిందన్న మాట నా వెనక నుంచి వినిపించింది. అయింది, నిజమే.

పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ పిల్ల మాత్రం నిచ్చెన పక్కన నేల మీద కూర్చుంది.

"చార్టు ఉందిగా, దాని దగ్గర నిలబడు" అన్నాను.

"చార్టు నేను గియ్యలే టీచర్."

"అయితే ఏం?"

"మా బాపు వస్తుండు" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఊరడించి పంపేదాన్ని. తండ్రి వచ్చి, తన చేతి పని ఏదీ లేని చోట, ఎవరో గీసిన కాగితం పక్కన నోరు విప్పని కూతుర్ని చూసి వెళ్లిపోతాడు. ఆ సంగతి నాకెంత తెలుసో ఆ పిల్లకూ అంతే తెలుసు. నాకు ఆమె మీద జాలేసింది, ఆ జాలి మీద కోపం వచ్చింది. జాలిపడి తప్పు పాఠం గేటు దగ్గర పెట్టలేను కదా. నా పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"టీచర్, కాయితం పీకొద్దు గని ముడి విప్పొచ్చు."

"ఏ ముడి?"

చూపించింది. ఒక్కో మెట్టు రెండు పుల్లలు, నడుమ తెల్ల దారంతో ముడి వేసి ఉంది. గల్లీలు ఇరుకు కాబట్టి వాళ్ల బాపు పెద్ద తొట్టెలను నిలువునా రెండు భాగాలుగా కట్టి తీసుకెళ్లి, గుడి దగ్గర ముడి వేస్తాడట. పండగ అయ్యాక విప్పుతాడట. ముడి విప్పితే తప్పు లేదట.

"విప్పితే ఏమొస్తుంది? సగం నిచ్చెన ఇటు, సగం నిచ్చెన అటు."

ఆ పిల్ల ఒక సగం మీద వేలు పెట్టింది. "ఇగో, ఇది ఎర్ర. దీనికెదురుగ నీలమే రావాలె గద. కొత్త పుల్లకు నీలం అతికించి కడ్త. ఇది పసుపు, దీనికి ఆకుపచ్చ కడ్త. గిట్ల కిందిదాక కట్టుకుంట పోతె ఈ సగానికి సగం తయారైతది. పాతదేదీ పీకేది లేదు."

"మరి రెండో సగం? దాన్నేం చేస్తావు?"

నేనే మొద్దునన్నట్టు చూసింది నన్ను. "దానికి గూడ గట్లనే కడ్త. రెండు నిచ్చెనలైతయి."

పుస్తకాల సంచి కింద పెట్టేశాను. ఒక కణం రెండు కణాలయ్యేటప్పుడు డీఎన్‌ఏ చేసే పని అచ్చంగా ఇదే. నిచ్చెన నడిమధ్యన విడిపోతుంది. ఒక్కో పాత సగం తనకు కావలసిన కొత్త సగాన్ని ఎదురుగా కట్టుకుంటుంది. ఒకటి ఉన్న చోట రెండు. ఆ పాఠం నా పథకంలో ఉండేది. ఏకి ఎదురుగా ఏ రాసిన వాడి మొహం చూసి, వీళ్లకు ఇంకా పైది ఎందుకులే అని నేనే కొట్టేశాను. కొట్టేసిన పాఠం ఇప్పుడు నేల మీద కూర్చుని నాకే తిరిగి చెబుతోంది. సంతోషించాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇది నీకెవరు చెప్పారని అడిగాను.

"మీరే చెప్పిన్రు గద టీచర్, ఎర్రకు నీలమేనని" అంది.

జారుకున్న వాళ్లను మెట్ల మీద నుంచే కేకేసి పిలిచాను. ముళ్లు విప్పారు. సగాలు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడి ఉండటంతో తిప్పి తిప్పి విడదీయాల్సి వచ్చింది. తర్వాత మొదలైంది లొల్లి. ఒకడు రంగు చూసి అరిస్తే ఇంకొకడు ఎదురు రంగు అందించాలి. మొదట్లో మళ్లీ ఎర్రకు ఎర్ర అందించారు. ఆ పిల్ల తల ఎత్తకుండానే "నీలం" అనేది. కాసేపటికి అడగకముందే నీలం వస్తోంది. వారం రోజుల నా గొంతు చేయలేని పని బంక చేతులు చేసేశాయి. బడి వదిలే గంట కొట్టేసరికి రెండు నిచ్చెనలు పక్కపక్కన నిలబడ్డాయి. కొత్త బద్దలకు కూడా బొట్లు పెట్టారు. నేను చూడనట్టు ఊరుకున్నాను. నిమ్మకాయ ఒక్కటే ఉంది, దాన్ని రెండుగా కోయాలా వద్దా అని కొట్లాడుకుంటుంటే నా సంచి తీసుకుని బస్సెక్కాను.

మర్నాడు ఆమె తండ్రి తొందరగానే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, వేళ్ల సందుల్లో ఇంకా వదలని గులాబీ రంగు. ప్రదర్శన గది గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే అక్కర్లేదన్నాను, అయినా విడిచాడు. అప్పటికి కరస్పాండెంట్ గారు నిచ్చెనల దగ్గర ఉన్నారు. "నిన్న ఒక్కటే ఉండె గద, ఇయ్యాల రెండెట్లయినయి?" అని అడుగుతున్నారు.

ఆ పిల్ల అలవాటు ప్రకారం నేల చూసింది. తర్వాత తండ్రిని చూసింది.

"నడుమల ముడి విప్పినం సార్. ఒక సగం ఉంటె చాలు, ఇంకో సగం ఏందో అదే చెప్తది. ఒంట్ల గూడ గట్లనే అయితది. గందుకే మనం పెరుగుతం" అంది. గొంతు సన్నగా ఉంది, కానీ ఆగలేదు. కరస్పాండెంట్ గారు తలాడించి, అయితే ఒకటి గేటు దగ్గర పెట్టొచ్చు అనుకుంటూ వెళ్లిపోయారు.

తండ్రి దగ్గరికి వచ్చాడు. కుచ్చులు చూశాడు, ఒక చోట లేచిన అంచును బొటనవేలితో అదిమాడు. తర్వాత మొహం ముడుచుకున్నాడు. "రంగులు తప్పుగ పెట్టినవ్ బిడ్డా. జోడీ కుదరలే."

నేను అడ్డుపడబోయాను. ఆ పిల్ల నాకన్నా ముందే ఒక మెట్టు ఎడమ సగాన్ని అరచేత్తో మూసింది.

"ఇటు పక్క ఏమున్నది బాపు?"

"ఎర్ర."

"అయితె నా చెయ్యి కింద ఏమున్నది?"

"ఎర్రనే ఉండాలె."

చెయ్యి తీసింది. నీలం. కింది మెట్టు మూసింది. పసుపు కనిపిస్తోంది, చెయ్యి తీస్తే ఆకుపచ్చ. ఇంకా కింద మళ్లీ ఎర్ర వచ్చింది. ఆయన ఈసారి వెంటనే చెప్పలేదు. పై మెట్టు చూశాడు, కింది మెట్టు చూశాడు.

"నీలం" అన్నాడు.

చెయ్యి తీసింది. నీలమే.

మూల నుంచి ఏడో తరగతి అగ్నిపర్వతం పొంగి బల్ల మీద నుంచి కారుతోందని నన్ను పిలుస్తున్నారు. నేను కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, వారం రోజులు గొంతు చించుకున్నది నేనైతే ఈయనకు ఒక్క నిమిషంలో వచ్చేసిందని ఉడుక్కుంటూ అక్కడే నిలబడ్డాను.

ఆయన ఇంకో మెట్టు దగ్గరికి వంగి, ఎడమ సగాన్ని ఈసారి తన అరచేత్తో మూశాడు. కుడి పక్క పసుపు కనిపిస్తోంది. "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల ఆ మెట్టు వైపు ఒక్కసారి చూసి తల ఎత్తింది. "ఇటు జీ ఉన్నది గద బాపు" అంది, గదంతా వినేలా. "అటు సీనే ఉంటది."